ఎదిరింపు నడుమ ఆగని పరిచర్య



గత నెలలో ఒక యౌవన సువార్తికుడు మా ఇంటికి వచ్చాడు. బైబిలు పాఠశాలలో చదువు ముగించి ఇంకా రెండేండ్లు కాలేదు. వచ్చి కూర్చున్నాడు గాని చాలాసేపు మాట్లాడలేదు. మా ఇంట్లోవారు మజ్జిగ తెచ్చి ఇచ్చిన తరువాత, గ్లాసు చేతిలో పట్టుకుని, "అయ్యగారూ, ఆ ఊరు ఇక నావల్ల కాదండి. వేరే ఊరు చూసుకుంటాను" అన్నాడు. ఆ ఊరివారు ఏమి చేశారని అడిగాము. కొట్టారా? లేదు. తిట్టారా? పెద్దగా లేదు. ప్రార్థన కూడికకు తమ వసారా ఇచ్చిన కుటుంబమును మాత్రము పత్తి తీతకు పిలవడము మానేశారట. "మరి ఆ కుటుంబము ఏమంటున్నది?" అని అడిగితే అతడు తల వంచుకున్నాడు. "వాళ్ళ దగ్గరకు వెళ్ళి నెల దాటిందండి" అన్నాడు.

ఆ పూట అతనికి మేము సరియైన జవాబు ఇవ్వలేకపోయాము. ధైర్యము చెప్పే మాటలు నాలుగు చెప్పి, ప్రార్థన చేసి పంపించాము. అతడు వెళ్ళిన తరువాత మా మనస్సు కుదుటపడలేదు. ఎందుకో కొంచెము ముందుకు పోయాక చెబుతాము. ముందుగా, ఈ పత్తి తీత సంగతి వినగానే మాకు జ్ఞాపకము వచ్చిన పాత సంగతి ఒకటి ఉన్నది. అది మన నేల మీద జరిగినదే.

ఒంగోలు అనగానే మన సంఘములలో చాలామందికి 1878 జూలై 3వ తేదీ గుర్తుకు వస్తుంది. ఒంగోలుకు ఉత్తరముగా గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందిన రోజు అది. ముందు రోజు 614 మంది, మరునాడు 700 మంది, మూడు రోజులకు 3,536 మంది. వార్షిక మహాసభలలో ఈ లెక్క మేము కూడా ఎన్నోసార్లు గొంతెత్తి చెప్పాము. వినేవారు హల్లెలూయ అంటారు. అయితే దానికి పదకొండు, పన్నెండేండ్ల ముందు జరిగినది చెప్పకుండా ఈ లెక్క ఒక్కటే చెబుతూ వచ్చాము. అందువలన మన యౌవన సేవకులకు మేలు కంటే కీడే ఎక్కువ చేశామేమో అని ఈ మధ్య అనిపిస్తున్నది. పది మంది కూడా రాని పల్లెలో కూర్చున్న కుర్రవానికి 2,222 అనే సంఖ్య వినిపిస్తే, తన పని పనే కాదనుకుంటాడు.

1866వ సంవత్సరములో ఎర్రగుంట్ల పేరయ్య గారు, ఆయన భార్య నాగమ్మ గారు ఒంగోలులో బాప్తిస్మము తీసుకున్నారు. మాదిగ కులస్థుడు. తోళ్ళ వ్యాపారము మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు సువార్త విన్నాడు. దానికి ముందే యోగమార్గములో గురువుల వెంట తిరిగి దేవుని వెదకిన మనిషి. ఊరికే నోటి మాటకు లొంగేవాడు కాడు. ఆయన ఊరు ఒంగోలుకు పడమరగా, దాదాపు నలభై మైళ్ళ దూరములో ఉన్న తాళ్ళకొండపాడు. బాప్తిస్మము తీసుకుని ఊరికి వెళ్ళి ఊరుకోలేదు. చేతికర్ర పట్టుకుని చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాడు. అదే సంవత్సరము సెప్టెంబరులో అమెరికను బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు నెల్లూరు నుండి వచ్చి ఒంగోలులో కాపురము పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘము ఏర్పడినది. ఎనిమిది మందే! అదే నెలలో పేరయ్య గారి పిలుపు మీద క్లౌ గారు తాళ్ళకొండపాడు వెళ్ళితే, 20వ తేదీ ఆదివారము 28 మంది బాప్తిస్మము పొందారు.

అసలు ఎదిరింపు అక్కడి నుండి మొదలైనది. మొదటిది పట్టణములోనే. ఒంగోలులో దొరగారి బడికి బ్రాహ్మణుల పిల్లలు వస్తుండేవారు. పట్టణములో పెద్దవారి మనస్సు గెలవడానికి అది మంచి దారి అని ఎవరికైనా అనిపిస్తుంది. ఇప్పుడు ఈ మాదిగలను చేర్చుకుంటే మేము రాము అని వారు తేల్చి చెప్పారు. దొరగారు ఒక గదిలో, దొరసానిగారు వేరొక గదిలో, ఒకరికొకరు తెలియకుండా బైబిలు తెరిచి ఒకే భాగము దగ్గరకు వచ్చారని ఆయన తరువాత వ్రాసుకున్నారు. అది 1 కొరింథీయులకు మొదటి అధ్యాయము చివరి భాగము. దేవుడు లోకములో ఎన్నికలేనివారిని ఏర్పరచుకున్నాడని పౌలు చెప్పే చోటు. వారు మాదిగలను విడిచిపెట్టలేదు. బడి ఖాళీ అయినది.

పల్లెలలో జరిగినది ఇంతకంటె కఠినమైనది. దానిని అర్థము చేసుకోవాలంటే ఆనాటి పల్లె బ్రతుకు తెలియాలి. మాదిగ కుటుంబము రైతు ఇంటికి చెప్పులు కుట్టాలి, ఎద్దులకు పగ్గాలూ పట్టెడలూ సిద్ధము చేయాలి, మోట బావికి తోలు బొక్కెన కుట్టాలి. గొడ్డు చచ్చిపోతే తీసుకుపోవాలి. జాతర వస్తే డప్పు కొట్టాలి. దీనికి రోజు కూలి లేదు. పంట చేతికి వచ్చినప్పుడు కల్లము దగ్గర ఇంత అని మేర కొలిచి పోసేవారు. ఆ గింజలే సంవత్సరమంతా ఆధారము. ఇటువంటి వారికి క్లౌ గారు మూడు నియమములు పెట్టారు. ఆదివారము పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసము తినకూడదు, విగ్రహములకు మ్రొక్కకూడదు. వినడానికి చిన్న మాటలే. పల్లెలో మాత్రము అవి ఊరి చక్రమును పట్టుకుని ఆపినట్టే. జాతరలో డప్పు లేదు. ఆదివారము మోట తెగితే కుట్టేవాడు లేడు. పెద్దలకు కోపము ఎందుకు వచ్చినదో మనము కూడా గ్రహించాలి. వీరు ఎవరిని పూజిస్తున్నారనే దాని కంటె, నిన్నటి దాకా చెప్పిన పని చేసినవాడు ఈ రోజు ఆదివారము రాను అంటున్నాడే అన్నది వారికి ఎక్కువగా తగిలినదని మా అభిప్రాయము.

అప్పుడు కరణమూ మునసబూ కలిసి చేసినది చూడండి. (ఆ పదవులు 1984లో రద్దయినాయి, ఈ తరము పిల్లలకు తెలియవు. ఆనాడు ఊరు మొత్తము వారి కనుసన్నలలో నడిచేది.) చాకలివారిని వీరి బట్టలు ఉతకవద్దన్నారు. కుమ్మరిని కుండలు అమ్మవద్దన్నారు. వీరి గొడ్లను ఊరి బీడు నుండి తోలివేశారు. చెప్పులు కుట్టే పని ఇవ్వడము మానేశారు. కోతలకు పిలవలేదు. కల్లము దగ్గర మేర ఆగిపోయినది. ఒక్క రాయి కూడా విసరనక్కరలేదు. కుండ పగిలితే ఇంకొక కుండ దొరకదు. ఇంతకంటె ఏమి కావాలి?

ఈ చోట మేము ఒక విషయము గట్టిగా చెప్పాలనుకుంటున్నాము. ఆ ఎదిరింపు బరువు ఎవరి మీద పడినది? క్లౌ దొరగారికి ఒంగోలులో బంగళా ఉన్నది. పాలించేది తెల్లవారు. ఆయన చాకలిని ఏ కరణమూ ఆపలేడు. ఆయన కష్టపడలేదని మేము అనడము లేదు, గుడారములలోనూ గుర్రము మీదనూ ఎండలో తిరిగిన మనిషి. కాని గింజలు ఆగినది ఆయన ఇంట్లో కాదు. బోధకుడు ఈ పల్లె కాకపోతే ఇంకో పల్లెకు పోవచ్చును. బాప్తిస్మము తీసుకున్న కుటుంబము మాత్రము అక్కడే ఉండాలి, అదే బీటి దగ్గర, అదే కల్లము దగ్గర. సువార్తకు వెల బోధకుని కంటె విశ్వాసియే ఎక్కువ చెల్లిస్తాడు. మన చరిత్రలో ఎక్కువ పేర్లు బోధకులవి, వెల చెల్లించినవారి పేర్లు చాలా వరకు ఎక్కడా లేవు.

ఈనాడు మేర లేదు, మునసబు లేడు. వెల మాత్రము వేరే రూపములో ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులపు హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ హోదా వర్తింపజేశారు, మనకు లేదు. మన రాష్ట్రములో బి.సి.-సి క్రింద చేరుస్తారు. పిల్లవాని కాలేజీ సీటు దగ్గర, ఉద్యోగము దగ్గర ఒక తండ్రి ఏమి కాగితము పెట్టాలో తెలియక రాత్రంతా నిద్రపోని ఇళ్ళు మన సంఘములలోనే ఉన్నాయి. దాని గురించి ఎప్పుడైనా విడిగా వ్రాస్తాము. బల్ల మీద నిలబడి అటువంటి తండ్రిని ఒక్క మాటలో పిరికివాడని అనే బోధకుడు, తన పిల్లల కాగితములు ఒకసారి చూసుకోవాలి.

సరే, పేరయ్య గారూ ఆయన తోటి బోధకులూ ఏమి చేశారు? వారు మళ్ళీ వెళ్ళారు. వెళ్ళిన పల్లెకే వెళ్ళారు. ఆయన కర్ర పట్టుకుని నడిచిన దూరములు తలచుకుంటే, బండి టైరు పంక్చరు అయిందని కూడిక మానేసిన మాకు సిగ్గు వేస్తుంది. మేర పోయిన ఇంట్లో కూర్చుని, ఉన్నది తిని, ప్రార్థన చేసి, మరునాడు లేచి ఇంకొక పల్లెకు. వారి ఉత్సాహము అంటే గొంతు పెద్దది చేయడము కాదు.

తరువాత 1876 నుండి 1878 వరకు గొప్ప కరువు వచ్చినది. అప్పుడు వేరొక విధమైన ఎదిరింపు కాచుకుని ఉన్నది. తిండి కోసము మతము పుచ్చుకున్నారన్న నింద. క్లౌ గారు యౌవనములో అమెరికాలో భూముల సర్వే పని చేసినవారు కనుక, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న వేలమందికి కూలి దొరికేలా చేశారు. పని మీద ఉన్న బోధకులు సాయంత్రములు వాక్యము చెప్పేవారు. బాప్తిస్మము ఇవ్వండని గుంపులు గుంపులుగా అడిగారు. కరువు సహాయము జరుగుతున్నంత కాలము ఆయన ఇవ్వలేదు! సేవకులకు ఇది ఎంత కష్టమైన పనో ఆలోచించండి. నివేదికలో వ్రాసుకోవడానికి వేల సంఖ్య చేతికి అందేటట్టు ఉండగా, ఆగమని చెప్పాడు. సహాయము ముగిసి, ఇక మా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పిన తరువాత కూడా వారు వచ్చారు. అప్పుడు గుండ్లకమ్మ ఒడ్డు. ఆ 2,222కు వెనుక పది సంవత్సరములకు పైగా కుండ దొరకని ఇళ్ళు ఉన్నాయి. ఆ ఓపిక ఉన్నది.

లేఖనములలో లుస్త్ర సంగతి మనకందరికీ తెలుసు. అపొస్తలుల కార్యములు పదునాలుగవ అధ్యాయము. పౌలును రాళ్ళతో కొట్టి, చనిపోయాడనుకుని ఊరి బయటకు ఈడ్చివేశారు. శిష్యులు చుట్టూ నిలబడగా లేచి అదే ఊరిలోకి వెళ్ళాడు, మరునాడు దెర్బేకు ప్రయాణమైనాడు. ఇంత వరకు మేము చాలాసార్లు ప్రసంగించాము. దాని తరువాతి మాట మీద చాలా కాలము మేము ఆగలేదు. దెర్బే నుండి తూర్పుగా వెళ్ళితే దారి పౌలు సొంత ఊరైన తార్సు మీదుగానే పోతుంది. ఇంటికి పోవచ్చును, గాయములు మానే వరకు ఉండవచ్చును. పౌలు ఆ దారి పట్టలేదు. వెనుకకు తిరిగి లుస్త్రకు, ఈకొనియకు, అంతియొకయకు వెళ్ళాడు. ఎందుకు? అక్కడ నమ్మినవారు ఉన్నారు. రాళ్ళు విసిరినవారి పక్కింట్లో ఉన్నారు. వారి మనస్సులు స్థిరపరచడానికి వెళ్ళాడని లూకా వ్రాశాడు. ధైర్యము చూపించడానికి అయితే ఆ మొదటి రాత్రి లేచి ఊరిలోకి నడిచినప్పుడే చాలినంత చూపించాడు. రెండవసారి వెళ్ళినది ధైర్యము కోసము కాదు, మనుష్యుల కోసము. తిమోతి అనే కుర్రవాడు ఆ లుస్త్ర ప్రాంతము నుండి వచ్చినవాడే.

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక చివరి అధ్యాయములో కూడా ఒక విచిత్రమైన లెక్క ఉన్నది. ఎఫెసులో పనికి మంచి అనుకూలము దొరికినదంటాడు, ఆ వెంటనే ఎదిరించేవారు చాలామంది అంటాడు. మనమైతే, అనుకూలము ఉన్నది "కాని" ఎదిరింపు ఉన్నది అంటాము. పౌలు ఆ "కాని" పెట్టలేదు. రెండూ కలిపి, అందుచేత ఇక్కడే ఉంటాను అన్నాడు.

ఎఫెసు మాట వచ్చింది కనుక ఇంకొక సంగతి. అక్కడ అల్లరి జరిగినప్పుడు సమూహమును సముదాయించిన అధికారిని మన తెలుగు బైబిలు "కరణము" అంటుంది. ఆ కరణము పౌలు తోటివారిని గురించి ఇచ్చిన సాక్ష్యము ఏమిటి? వీరు గుడి దోచినవారు కారు, మన దేవతను దూషించినవారూ కారు అని. అన్యుడైన అధికారి నోట వచ్చిన మాట అది. రెండేండ్లకు పైగా ఆ పట్టణములో వాక్యము చెప్పి, ఇంత అల్లరి జరిగి కూడా, దూషించారన్న మాట మాత్రము రాలేదు. మనలో కొందరికి ఆ సర్టిఫికెట్టు దొరుకుతుందా? తెల్లవారుజామున నాలుగు గంటలకు పల్లె నడుమ మైకు పెట్టి, పసిపిల్లలను లేపి, పొరుగువారు వచ్చి అడిగితే దానిని హింస అంటున్నాము. ఇంకొకరి పండుగ రోజున వారి వీధిలో వారి దేవుళ్ళను ఎగతాళి చేసి, దెబ్బలు తిని, సాక్ష్యము చెప్పుకుంటున్నాము. పరుల జోలికి పోయి శ్రమపడడము వేరు, క్రైస్తవుడైనందుకు శ్రమపడడము వేరు అని పేతురు తన మొదటి పత్రిక నాలుగవ అధ్యాయములో విడదీసి చెప్పాడు. మన రాజ్యాంగము ఇరవై ఐదవ అధికరణము మత ప్రచారమునకు హక్కు ఇచ్చినది, ఆ హక్కును మేము చిన్నదిగా చూడము. అయితే హక్కు ఉన్నదని పొరుగువాని నిద్ర మన ఆస్తి కాదు. ఇది చదివి కొందరు సేవకులు మా మీద కోపపడతారు. పడనివ్వండి.

ఇక మా సంగతి.

ఇరవై ఏండ్ల క్రిందటి మాట. థియాలజీ డిప్లొమా చేతికి వచ్చిన కొత్త. మొదటి సంఘము. ఆ సంఘము నుండి పది కిలోమీటర్ల దూరములో, మిరప తోటల నడుమ ఒక పల్లెలో ప్రతి గురువారము సాయంత్రము ఇంటి ప్రార్థన పెట్టుకున్నాము. పాత టి.వి.ఎస్. మోపెడ్ మీద వెళ్ళేవాళ్ళము. వానకాలములో నల్లరేగడి చక్రములకు చుట్టుకుని బండిని మోసుకుంటూ వెళ్ళిన రోజులు కూడా ఉన్నాయి, అప్పటి ఉత్సాహము అటువంటిది. ఒక పెద్దమ్మ తన ఇంటి ముందు వేపచెట్టు క్రింద చాప వేసేది. ఏడెనిమిది మంది వచ్చేవారు.

ఒక గురువారము రచ్చబండ దగ్గర ఊరి పెద్ద ఒకాయన బండి ఆపమన్నారు. చాలా మర్యాదగానే మాట్లాడారు. "పాస్టరు గారూ, మీరు మంచివారే, మీ మీద మాకేమీ లేదు. కాని వచ్చే వారము నుంచి ఇటు రావద్దు. మీరు వచ్చిపోతారు, తరువాత ఇబ్బంది పడేది వీళ్ళే" అన్నారు. మేము వాదించలేదు. ఇంటికి వచ్చాము. ఆ నెల సేవకుల సహవాస కూడికలో ఈ సంగతి సాక్ష్యముగా చెప్పాము. అందరూ నిట్టూర్చారు. ఒక పెద్ద బోధకుడు మా తల మీద చేయి పెట్టి ప్రార్థించాడు. నిజము చెప్పాలంటే, అది మాకు సంతోషముగానే ఉండినది. మేము కూడా హింస పొందినవారి లెక్కలో చేరినట్టు అనిపించినది.

ఆ పల్లెకు మాత్రము మళ్ళీ వెళ్ళలేదు. మన వలన వారికి ఇబ్బంది ఎందుకు అని మాకు మేము చెప్పుకున్నాము. ఆ మాటలో ప్రేమ ఉన్నదని చాలా కాలము నమ్మాము కూడా. ఏడు నెలలు గడిచినవి.

వేసవిలో ఒక పని మీద గుంటూరు వెళ్ళి, మిర్చి యార్డు దగ్గర ఒక షెడ్డులో తెలిసినవారిని కలవవలసి వచ్చినది. ఘాటుకు తుమ్ములు వస్తూ, జేబురుమాలు ముక్కుకు అడ్డము పెట్టుకుని లోపలికి వెళ్ళాము. వరుసగా ఆడవారు కూర్చుని కాయలకు తొడిమలు తీస్తున్నారు, తాలు కాయలు ఏరి పక్కన వేస్తున్నారు. వారిలో నుండి ఎవరో "అయ్యగారండీ!" అని పిలిచారు. పెద్దమ్మ. ముక్కు మీదికి కట్టుకున్న కొంగు క్రిందికి లాగి నవ్వుతున్నది. చేతివ్రేళ్ళు మంటకు వాచి ఉన్నాయి.

"నువ్వేంటి పెద్దమ్మా ఇక్కడ?" అన్నాము.

"ఊళ్ళో కోతలకి పిలవడము లేదు గదండీ. ఇక్కడికి వస్తన్నాము. మీ ఒంట్లో బాగుందాండీ ఇప్పుడు?"

మాకు అర్థము కాలేదు. "నాకేమైంది?" అన్నాము.

"ఇన్నాళ్ళు రాకపోతే ఒంట్లో బాగాలేదనుకున్నామండీ. గురువారం గురువారం మీ కోసమే ప్రార్థన చేస్తన్నాము" అన్నది.

అంటే కూడిక ఆగలేదు. చాప వేస్తూనే ఉన్నారు. చదవడము ఎవరికీ సరిగా రాకపోతే, అయిదవ తరగతి చదివే మనుమరాలు వాక్యము చదువుతున్నదట. పని పోయినది వారికి. సాక్ష్యము చెప్పి ఓదార్పు పొందినది మేము. ఊరి పెద్ద చెప్పిన మాటలో "ఇబ్బంది పడేది వీళ్ళే" అన్నది నిజమే. మేము రావడము మానినా వారి ఇబ్బంది ఆగలేదు. వారితో కూర్చునే మనిషి ఒకడు తగ్గాడు, అంతే. ఆ షెడ్డులో, ఆ ఘాటులో, కళ్ళ వెంట నీళ్ళు వచ్చినందుకు ఎవరికీ జవాబు చెప్పవలసిన అవసరము రాలేదు.

తరువాతి గురువారము వెళ్ళాము. రచ్చబండ దగ్గర ఆ పెద్దాయన చూశారు, ఈసారి బండి ఆపలేదు, మాట్లాడనూ లేదు. మేమే దిగి నమస్కారము పెట్టాము. మైకు తేలేదనీ, చీకటి పడేలోగా ముగిస్తామనీ చెప్పాము. ఆయన తల తిప్పుకున్నారు. ఆ సాయంత్రము చాప మీద నలుగురే. పెద్దమ్మను ఆ సంవత్సరము కూడా కోతలకు పిలవలేదు. ఆ తరువాతి సంవత్సరము ఒకరిద్దరు రైతులు పిలిచారు. కూలీలు దొరకని సంవత్సరము అది, అందుకని పిలిచారు గాని మా వలన కాదు.

మూడవ సంవత్సరము మార్చి నెలలో ఒక సాయంత్రము మేము కూడికలో ఉండగా అకాల వర్షము ముంచుకొచ్చినది. కల్లములలో ఎర్రగా ఎండుతున్న కాయ. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పాట సగములో ఆపి అందరూ లేచి పరుగెత్తారు. దగ్గరగా ఉన్న కల్లము ఆ పెద్దాయనది. మన ఆడవారూ, మేమూ, ఆయన కొడుకూ కలిసి కాయ కుప్పగా లాగి టార్పాలిన్ పట్టలు కప్పాము, అంచులకు రాళ్ళు పెట్టాము. తడిసిపోయాము. ఆయన అక్కడే నిలబడి ఉన్నారు. పని అయిన తరువాత మా వైపు చూసి, "పాస్టరు గారూ, బండి రోడ్డు మీద పెట్టవద్దు. పిల్లలు గీతలు పెడుతున్నారు. మా కొట్టము క్రింద పెట్టుకోండి" అన్నారు. ఆయన ఏనాడూ కూడికకు రాలేదు. మేము ఆ సంఘము విడిచి బదిలీ అయ్యే వరకు ప్రతి గురువారము బండి ఆయన కొట్టము క్రిందనే పెట్టుకున్నాము.

ఆ రోజు మజ్జిగ గ్లాసు పట్టుకుని కూర్చున్న కుర్రవానికి చెప్పవలసినది ఇది. మా గొప్పతనము కాదు గనుక ఆ పూట నోటికి రాలేదు. తరువాత అతని ఊరికి ఫోను చేసి చెప్పాము. చాలాసేపు విని, "శనివారము వెళ్తానండి" అన్నాడు. మేము కూడా వస్తామన్నాము. వెళ్ళి వచ్చాము. ఆ ఇంటి యజమాని అతనిని చూసి ఏమీ అనలేదు, లోపలి నుండి మంచము తెచ్చి వాల్చాడు. పత్తి ఇంకా రెండు తీతలు ఉన్నది, వారికి పిలుపు రాలేదు. నలుగురు పిల్లలు. ఆ కుటుంబము పేరు ఇక్కడ వ్రాయకూడదు, ఊరి పేరు కూడా. మీ కుటుంబ ప్రార్థనలో "పత్తి తీతకు పిలవని ఇల్లు" అని చెప్పుకుంటే చాలు. మన సంఘ సభ్యులలో చేలు ఉన్నవారు, నలుగురు కూలీలు కావలసినవారు, మాకు ఒక కార్డు వ్రాసినా సరే, ఫోను చేసినా సరే.